ఎడమ చేతి జమీందారు

ఒక ఊరికి సినిమా రాకుండా చేయాలంటే ఏం కావాలి? కరువు అక్కర్లేదు, కలరా అక్కర్లేదు, సర్కారు హుకుం అసలే అక్కర్లేదు. కొంచెం చదువుకుని, చాలా చదువుకున్నట్టు కనబడే కుర్రాడొకడుంటే చాలు. మా ఎల్లారెడ్డికి ఆ కుర్రాణ్ణి నేనే. ఊరంతా ఎదురుచూస్తున్న మాట్లాడే బొమ్మను, మా ఇంటి అరుగు మీద కూర్చుని, చెంబెడు మజ్జిగ తాగినంతసేపట్లో గొయ్యి తీసి పాతిపెట్టాను. ఆ గోతిలో నేనే పడ్డాను. ఎట్లా పడ్డానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఆనాడు నవ్వినవాళ్ల ముందు మీ నవ్వు నాకో లెక్క కాదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. హైదరాబాదులో రెండేళ్లు చదివి, పరీక్ష తప్పి, దానికి బదులుగా ఒక కళ్లజోడు సంపాదించుకుని ఇంటికొచ్చాను. పరీక్ష తప్పిన సంగతి ఊరికి తెలియదు, కళ్లజోడు మాత్రం అందరికీ కనబడుతుంది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా "పటేలు కొడుకును అడుగుండ్రి, అద్దాలు పెట్టిండు" అనేవారు. నేనూ అడిగినదానికల్లా జవాబు చెప్పేవాణ్ణి. 'తెలియదు' అనే మాటను హైదరాబాదు స్టేషన్లోనే మరిచిపోయి వచ్చినట్టున్నాను.

ఆ పటేలే మా బాపు. కంటితో చూడనిది నమ్మే మనిషి కాదు. మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టారని ఊరంతా చెప్పుకుంటుంటే "నది నిలవడుమంటె నిలవడతదా?" అని నవ్వాడు. చివరికి బండి కట్టించుకుని పోయి, కట్ట మీద నిలబడి కళ్లారా చూసి, కిందికి దిగి నీళ్లను చేత్తో తాకి వచ్చాకే ఒప్పుకున్నాడు. ఇక అవ్వ, అంటే మా అమ్మ, పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్న బండిబాట తప్ప లోకం చూసింది కాదు. ఆమెకు ఇది కావాలి, అది కావాలి అని అడిగే అలవాటే లేదు.

అట్లాంటి అవ్వ ఒకటి అడిగింది. కామారెడ్డిలో ఒక సేటు పెద్ద డేరా వేసి, ఇంజను పెట్టి, దయ్యాల బంగళా బొమ్మ ఒకటి ఆడిస్తున్నాడు. దోమకొండలో ఉండే మా చిన్నమ్మ అది చూసి, మా ఇంటికొచ్చి రెండు రోజులు అదే చెప్పింది. "అక్కా, బట్ట మీద మనుషులు నడుస్తరే! మాట్లాడుతరే! దయ్యం గూడ పాట పాడుతదే!" చిన్నమ్మ వెళ్లిపోయాక అవ్వ నా దగ్గరకొచ్చి, ఎవరూ వినడం లేదు కదా అని అటూ ఇటూ చూసి అంది.

"బిడ్డా, ఒక్కపారి సూడాలని ఉన్నదిరా. బట్ట మాట్లాడుతదంట."

దారి లేకపోలేదు. కోతలైపోయి ఖాళీగా ఉన్న మా చెలకలో డేరా వేసుకోనిస్తే ఎల్లారెడ్డికే వస్తానని సేటు కబురు పంపి ఉన్నాడు. బాపు నన్ను పిలిచాడు.

"దయ్యాల బొమ్మనట. ఆడోళ్లు సూడదగ్గదో కాదో ఎర్కలేదు. పనులిడిశిపెట్టి నేను పోలేను. నువ్వు వోయి సూసి రా. ఈ ఒక్కపారి నా కండ్లు నీకిస్తున్న. నీ మాటనే నా మాట."

బయలుదేరేటప్పుడు అవ్వ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట కట్టి ఇచ్చి చెవిలో చెప్పింది. "మంచిగున్నదని చెప్పు బిడ్డా." అంతే. నేను చేయాల్సిన పని అంత చిన్నది. ఎడ్లు కూడా చేయగలిగిన పని, తల ఊపితే చాలు.

మోటారులో కూర్చునేసరికే తెలిసింది, ఆ బొమ్మ మనుషులను రెండుగా చీల్చిందని. ముందు సీటు ఆయన "ఏమున్నదయ్య గండ్ల? పొగ, చీకటి, మెట్లు. ఒకామె దీపం పట్టుకొని దిగుతనే ఉంటది. మా ఊరి బాయిమెట్లు దిగినా గంతసేపు పట్టదు" అన్నాడు. వెనక సీటు ఆయన లేచి నిలబడ్డాడు. "గా దిగుడే సూడాలె! గోడ మీద నీడ పాకుతుంటె నా పానం ఆగింది. నీకు కండ్లున్నయా, గవ్వలున్నయా?" మాట మాట పెరిగి, ఒకరి కండువా ఒకరు పట్టుకున్నారు. డ్రైవరు మోటారు ఆపి ఇద్దరినీ చెరో చివర కూర్చోబెట్టాడు. నేను కళ్లజోడు సవరించుకుని మనసులో అనుకున్నాను: పాపం, వీళ్లు కథ చూశారు, దాని మతలబు చూడలేదు. అది చూడటానికి నేను బయలుదేరాను కదా.

ఈ కొట్లాటకు తోడు ఇంజను వేడెక్కి నీళ్లడిగింది. కామారెడ్డి చేరేసరికి పొద్దుగూకి, ఆట మొదలైపోయింది. డేరా ద్వారం దగ్గర మనిషి నన్ను ఆపాడు.

"ఇటు నిండింది. చుట్టు తిరిగి అటు పో. అటు గుడ గదే బొమ్మ."

అటు పోయాను. చీకటి, ఇసుక, జనం. నా ముందర పెద్ద తెల్లబట్ట, దానిమీద బొమ్మలు. ఇంకేం కావాలి? తెలివైన పాఠకులు కొందరు ఇప్పటికే విషయం పట్టేసి ఉంటారు. పట్టినవాళ్లు పక్కవాళ్లకు చెప్పకండి. నాకు అప్పుడెవరూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే ఎంత అందంగా తీశాడండీ! బంగళాలో వందల దీపాలు, దీపానికో అద్దం, అద్దానికో నీడ. తెల్లచీర కట్టిన దయ్యం మెట్ల మీద నిలబడితే దాని నీడ కప్పు దాకా సాగేది. సగం ముఖం వెలుగులో, సగం చీకట్లో. ఆ సగాన్ని చూసి నేను మిగతా సగానికి అర్థం చెప్పుకోవడం మొదలుపెట్టాను. తప్పంతా అక్కడే ఉంది.

మొదట బంగళా గేటు మీద పేరు కనబడింది. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. పక్కన కూర్చున్నది బిచ్కుంద నుంచి వచ్చిన పత్తి వ్యాపారి, అటువైపు మూడు భాషలూ వచ్చినవాడు. "కన్నడమా అన్నా?" అని అడిగాను.

"కన్నడ గాదు తమ్మీ. మరాఠీ అసలే గాదు. తెలుగు తీర్గ ఉన్నది గని తెలుగు గూడ గాదు."

మనుషుల లిపి కాదన్నమాట! దయ్యాలకూ ఒక లిపి ఉంటుంది కాబోలు. అప్పటినుంచి నా కళ్లు జమీందారు మీద కాపలా కూర్చున్నాయి. ఆయన పీట మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం కలిపాడు. ఎడమ చేత్తో! వడ్డించే కోడలు ఎడమ చేత్తో వడ్డించింది. ఆమె పైట కుడి భుజం మీద ఉంది. సరే, కుడి పైట వేసే ఇండ్లు మా వైపూ ఉన్నాయిలే అనుకున్నాను. కానీ జమీందారు కండువా? అదీ కుడి భుజం మీదనే.

మా తాత తద్దినం ఈమధ్యే పెట్టాం. పంతులు "కండువా కుడి భుజం మీదికి మార్చు" అని బాపుతో నాలుగుసార్లు చెప్పడం నా చెవుల్లో ఇంకా ఉంది. కండువా కుడికి మారేది పితృకర్మకే కదా. ఇంతలో తెర మీద పెండ్లి జరిగింది. వధూవరులు అగ్నిహోత్రం చుట్టూ అపసవ్యంగా తిరిగారు. పాడె చుట్టూ తిరిగినట్టు! ఇక సందేహం ఎక్కడిది?

దానికి తోడు, తెర అవతలనుంచి చాలామంది నవ్వడం, దగ్గడం, ఒక పసిబిడ్డ ఏడవడం వినిపిస్తున్నాయి. మనుషులు కనబడరు, నవ్వు మాత్రం వస్తుంది. డైరెక్టరు ఎంతటివాడు! ఒకసారి ఆ కనబడని లోకం నుంచి "పల్లీలు, పల్లీలు" అని కూడా కేక వచ్చింది. ప్రేతలోకంలోనూ ఆకలి తీరదని దాని భావమనుకున్నాను. మధ్యలో ఒకాయన వచ్చి చెంబుతో తెర మీద నీళ్లు చల్లాడు. అది కర్మకు ముందు చేసే శుద్ధి. అన్నీ అతికాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నా కుందేలుకూ మూడే, ఆ మూడూ ఎడమ కాళ్లే.

మరునాడు మా అరుగు మీద ఊరి పెద్దలందరూ కూర్చున్నారు. బాపు, పంతులు, వెనక తలుపు చాటున అవ్వ. బాపు "ఎట్లున్నదిరా?" అన్నాడు. బాగుందంటే అయిపోయేది. లోపలికి పోయి పడుకునేవాణ్ణి. కానీ కళ్లజోడు ఊరుకుంటుందా?

"బాపూ, గది ఉత్త దయ్యాల బొమ్మ అనుకుంటుండ్రు జనం. గండ్ల లోపలి మతలబు వేరే ఉన్నది. గా దయ్యం ఒక్కతే బతికున్నది. మిగతోళ్లంతా సచ్చినోళ్లు!"

నేను ఒక్కొక్క సాక్ష్యమే బయటపెట్టాను. ఎడమ చెయ్యి అన్నప్పుడు పెద్దలు ముందుకు వంగారు. కుడి భుజం కండువా అన్నప్పుడు పంతులు లేచి నిలబడ్డాడు.

"నువ్వు కండ్లతోటి సూసినవా?"

"సూసిన అయ్యగారూ."

"అగ్గి సుట్టూ అపసవ్యమా?"

"మూడు సుట్లు!"

"శివశివా!" అన్నాడు పంతులు. "ఇది బొమ్మ గాదు పటేలా, తద్దినం. టికెట్టు వెట్టి చేయించే తద్దినం! ఇంటి ఆడోళ్లు సూడంగనే వద్దు. సూసి వచ్చినోడు గూడ మైల వడ్డట్టే. తానం చేయంది లోపలికి రావద్దు."

ఆ చలిలో నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి, కట్టుబట్టలతో, తల మీద బొక్కెనల కొద్దీ నీళ్లు పోశారు. నా పళ్లు తాళం వేస్తుంటే ఊరివాళ్లు నన్ను భక్తిగా చూశారు. సేటుకు రావద్దని కబురు పోయింది. ఇంత లోతు చూసినవాడు జిల్లాలోనే లేడని నేను వణుకుతూనే మురిసిపోయాను.

లోపలికి పోయేసరికి అవ్వ సందుక పెట్టె ముందు కూర్చుని ఉంది. బొమ్మకు పోవాలని తీసి పెట్టుకున్న ఆకుపచ్చ చీరను మళ్లీ మడతపెడుతోంది. "తల తుడుసుకో బిడ్డా, పడిశం వడతది" అంది. నా మురిపెం అక్కడికక్కడే చచ్చిపోయింది. తిట్టినా బాగుండేది. నాకు చాలా సిగ్గేసింది, చాలా బాధేసింది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలంటే ఎట్లా? నేను కళ్లారా చూశాను కదా!

వారం తిరక్కముందే సేటు స్వయంగా వచ్చాడు. లావుపాటి మనిషి, తలకు రుమాలు, కోపానికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"పటేల్ సాబ్! మీ ఊరి మాట కామారెడ్డి దాకా వచ్చింది. నా బొమ్మ సూస్తే మైల అంటున్నరట. డేరాల సగం మంది లేరు. నేనేం తప్పు చేసిన?"

"నీ జమీందారు ఎడమ చేత్తో ఎందుకు తింటుండు?" అన్నాడు బాపు.

సేటు నోరు తెరిచాడు. "కుడి చేత్తో తింటడు సాబ్! దినాం నేనే మిషను తిప్పుత. నాకు ఎర్కలేదా?"

"ఎడమ!" అన్నాను నేను.

"కుడి!"

"ఎడమ! నేను తెర ముందట కూసుండి సూసిన."

"నేను గుడ తెర ముందట్నే ఉంట చిన్న పటేలా!"

పాము పడగల్లా లేచి నిలబడ్డాం ఇద్దరం. చివరికి సేటు రుమాలు తీసి అరుగు మీద పెట్టాడు. "ఒక్క ఆట ఈడ ఆడిస్త. పటేల్ సాబే సూడాలె. ఎడమ చేత్తో తింటే నా రీళ్లన్నీ మీ చెలకలనే కాలబెట్టి పోత." బాపు నన్ను చూశాడు. తన కళ్లు తాను తిరిగి తీసుకునే వేళయిందని ఆ చూపులోనే తెలిసింది. "తేపో" అన్నాడు.

డేరా వచ్చింది. చెలక మధ్య గుంజలు పాతి తెర కట్టారు. పెద్దమనుషుల ఎదుట ఆడవాళ్లు కూర్చోవడం మా ఊళ్లో లేదు కాబట్టి మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు తెరకు అవతలివైపు కూర్చున్నారు. మైల భయం ఏమైందంటారా? నిజం తేల్చడానికి చూస్తే మైల లేదని పంతులే చెప్పాడు. అందరికంటే ముందు చాప వేసుకున్నదీ ఆయనే. అవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుని అవతలికి పోవడం చూశాను. నాకు బాపు పక్కనే చోటిచ్చారు, ముద్దాయిని సిపాయి పక్కన కూర్చోబెట్టినట్టు.

దీపాలు పెట్టే వేళకు సేటు మనిషి తెర మీద నీళ్లు చల్లాడు. "సూసినవా, శుద్ధి!" అన్నాను. సేటు నుదురు కొట్టుకుని "బట్ట తడిస్తే అటు దిక్కోళ్లకు బొమ్మ మంచిగ కనవడతది" అన్నాడు. నాకది అప్పుడు బుర్రకెక్కలేదు.

ఇంజను మొదలైంది. గేటు మీద పేరొచ్చింది. పంతులు గట్టిగా చదివాడు. "ఆనంద నిలయం." మంచి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో ఉంది. జమీందారు వచ్చాడు, కండువా ఎడమ భుజం మీద ఉంది. పీట మీద కూర్చున్నాడు, విస్తరి వేశారు. నేను దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను. చెయ్యి లేచింది.

కుడి చెయ్యి.

చెలకంతా ఒక్కసారి గొల్లుమంది. సేటు మిషను పక్కనే చిందులేశాడు. బాపు నావైపు తిరగకుండానే "ఏందిరా?" అన్నాడు. భూమి చీలితే బాగుండును అనుకున్నాను. అది చీలలేదు, మా చెలక గట్టిది.

అప్పుడు తెర అవతలినుంచి ఒక గొంతు లేచింది. జన్మలో మగవాళ్ల ముందు పైకి లేవని గొంతు.

"నా కొడుకు అబద్ధం చెప్పలే! ఎడమ చేత్తోనే తింటుండు!"

నవ్వు ఠక్కున ఆగింది. బాపు నిలబడ్డాడు. "ఎవలది?"

"నేనే!" అంది అవ్వ.

"కండ్లు మంచిగ తెరిసి సూడు. కుడి చెయ్యి!"

"తెరిసే సూస్తున్న. ఎడమ చెయ్యి!"

"ఎడమనే! ఎడమనే!" అని ఆడవాళ్లందరూ అందుకున్నారు. "కుడి!" అని మగవాళ్లు. నడుమ తెర మీద జమీందారు ఈ గొడవేమీ పట్టకుండా తింటూనే ఉన్నాడు. ఆయనకు ఆకలి ఎక్కువ, ఆ బొమ్మ తీసినవాడికి తొందర తక్కువ.

"అయ్యా, ఇటచ్చి సూడు!" అంది అవ్వ. బాపు పోయాడు. తెర అంచు దాటి అవతలికి వెళ్లి నిలబడ్డాడు. రెండో అంచు పక్కనుంచి చుట్టి ఇవతలికి వచ్చాడు, చూశాడు. మళ్లీ అవతలికి పోయాడు, చూశాడు. ఆఖరికి నిజాంసాగర్ నీళ్లను తాకినట్టే తెరను చేత్తో తాకి, తడిసిన వేళ్లను కండువాకు తుడుచుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"కామారెడ్డిల ఏడ కూసున్నవ్ రా?"

"తెర ముందటనే బాపూ."

"ఏ ముందట?"

ఆ ప్రశ్నకు నేను నోరు తెరిచేలోపే నాకు జవాబు తెలిసిపోయింది. అటు గుడ గదే బొమ్మ! తెలుగు కాని తెలుగు, కనబడని నవ్వులు, ప్రేతలోకంలో పల్లీలు, అన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. ముందు సేటుకు అర్థమైంది, ఆయన నవ్వాడు. తర్వాత పంతులు నవ్వాడు. తర్వాత ఊరు. చివరికి బాపు కూడా నవ్వాడు. బాపు అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. కళ్లు తుడుచుకుంటూ తెర వైపు తిరిగి కేకేశాడు.

"ఓ ఇదిగో, నువ్వూ నిజమే, నేనూ నిజమే! ఇటు రా, ఇటు కూసుండి సూడు, అన్ని సక్కగ కనవడతయి."

"నేను రాను. నాకు ఈడనే మంచిగున్నది. ఈడికెల్లి నువ్వు కనవడవు" అంది అవ్వ.

ఆ మాటకు ఆడవాళ్ల వైపు లేచిన నవ్వుకు తెర కూడా ఊగింది. దయ్యం కాసేపు వంకరగా నడిచింది.

సేటు మా చెలకలో చాలా రోజులే ఉన్నాడు. ఊరు రెండుగా చీలింది. బొమ్మ బేకారని కొందరు, బంగారమని కొందరు. నన్ను మాత్రం ఎవరూ అభిప్రాయం అడగలేదు. అడగాలనుకున్నవాళ్లు ముందు "ఏ ముందట?" అని అడిగి నవ్వి వెళ్లిపోయేవారు. ఆ పేరు నాకు చాలా ఏళ్లు ఉండిపోయింది.

మొదటి ఆట ముగిసి ఇంటికి నడిచి వస్తుంటే అవ్వ చాలా సంతోషంగా ఉంది. ఆగలేక అడిగాను. "అవ్వా, నీకేం సమజైంది?"

"సమజయ్యేటందుకు ఏమున్నదిరా? గందరు తింటుండ్రు. గా పిల్ల మెట్ల మీద నిలవడి సూస్తున్నది. నువ్వు తిన్నవా అని ఒక్కలన్న అడిగిండ్రా? గందుకే దయ్యమై తిరుగుతున్నది. ఏ చేత్తో తింటే ఏంది బిడ్డా, ఒక్క ముద్ద దానికి పెడితే అయిపోవు."

నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. జమీందారు చెయ్యే చూస్తూ కూర్చున్న నాకు ఆ పిల్ల ఆకలి ఏ వైపు నుంచీ కనబడలేదు.

కాబట్టి ఇందుమూలంగా ఎల్లారెడ్డి చెలక సాక్షిగా, బావి దగ్గర నా నెత్తిన పడ్డ బొక్కెనల సాక్షిగా, ఆనాడు దారిలో చేసుకున్న ప్రమాణాన్నే మళ్లీ చేస్తున్నాను. ఈ జన్మలో ఏ బొమ్మకూ, ఏ కథకూ లోతైన అర్థం చెప్పను. ఒకవేళ నోరు దురద పెడితే ముందు తెరకు అటూ ఇటూ తిరిగి చూసి, తర్వాత మా అవ్వను అడిగి, ఆ తర్వాత నోరు మూసుకుంటాను.

ఈ ప్రమాణానికి ఆ రాత్రే పెద్ద పరీక్ష వచ్చింది. ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది. బాపు తెర చుట్టూ తిరిగాడు కదా, అపసవ్యంగా తిరిగాడు. నేను కళ్లారా చూశాను. దానికి మతలబు కూడా దొరికింది, వణుకు పుట్టించే మతలబు. లేచి కూర్చున్నాను. దుప్పటి నోట్లో కుక్కుకుని మళ్లీ పడుకున్నాను. బాపు ఆ తర్వాత ఎనభై దాటి బతికాడు, మనవల పెండ్లిండ్లు చూశాడు, ప్రతి పెండ్లిలోనూ రెండోసారి వడ్డించుకుని కుడి చేత్తోనే తిన్నాడు.